పదేళ్ళ మొహం

"ఎన్నాళ్ళుంటుందండీ?"

ఆప్‌గుజంగ్‌లోని ఆ ముఖాల ఆసుపత్రిలో గులాబీరంగు సోఫా మీద కూర్చున్న ప్రతి ఆడదీ చివరికి అడిగేది అదే. ముందు ఏవేవో అడుగుతారు. నొప్పెడుతుందా అంటారు, మచ్చలు కనిపిస్తాయా అంటారు, మా ఆయనకి తెలిసిపోతుందా అంటారు. అవన్నీ అయ్యాక చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుని, గొంతు తగ్గించి, బట్టల కొట్లో రంగు నిలుస్తుందా అని అడిగినట్టు అడుగుతారు.

అక్కడి మేనేజరు తాక్ హ్యేరాన్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చునేది. వెంటనే జవాబు చెప్పేది కాదు. లేచి కిటికీ తెర పక్కకి లాగి, ఎండలోకి ముఖం పెట్టి, "నాకెన్నేళ్ళుంటాయంటారు మేడమ్?" అనేది.

"నలభై... నలభై రెండా?"

"ఏభై అయిదు. మా డాక్టరు గారు చేసి ఆరేళ్ళు దాటింది. పదేళ్ళదాకా ఢోకా లేదు."

ఇంక చూడాలి ఆ మేడమ్ గారి అవస్థ. నోరు వెళ్ళబెట్టడం, హ్యేరాన్ దవడ కిందకి తొంగిచూడడం, చెవి దగ్గర వేలు పెట్టి చూడొచ్చా అని అడగడం. ఆపైన సంతకం. డాక్టరు యోమ్ చివర్లో వచ్చి, పెన్నుతో బుగ్గ మీద రెండు గీతలు గీసి, "మేనేజరు గారు అన్నీ చెప్పారు కదా" అని పళ్ళికిలించి, కుర్చీ వేడెక్కకముందే లేచిపోయేవాడు. సియోల్‌లో ఇలాంటి ఆసుపత్రులన్నిట్లోనూ వరస ఇదే. కొయ్యడం డాక్టరు పని, ఒప్పించడం మేనేజరు పని. ఒప్పించే మేనేజరుకి వైద్యం రానక్కర్లేదు. ముఖం ఉంటే చాలు.

వచ్చేవాళ్ళంటే హ్యేరాన్‌కి పరమ అసహ్యం. కూతురి ఫొటో తెచ్చి ఇలా చెయ్యండనే తల్లుల్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. మొగుడు చిన్నదాన్ని మరిగాడని ఏడ్చేవాళ్ళని చూస్తే ఇంకా మండేది. 'వెధవది, మొగుడి బుద్ధి జారితే నీ చెంపలు లాగిస్తావా' అని లోపల అనుకుంటూ, పైకి మాత్రం కాగితం రుమాలు అందించి, "మీ బాధ నాకు తెలీదా మేడమ్" అనేది. సాయంత్రం బల్లలు సర్దేటప్పుడు ఆ రోజు వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ అనుకరించి నర్సుల్ని నవ్వించేది. తనూ ఒకప్పుడు అదే సోఫా మీద, అదే గొంతుతో, అదే అడిగిందని ఆమెకి గుర్తుండేదో లేదో గానీ నర్సులకి మాత్రం గుర్తుండేది.

సరే, ఇంతటి గొప్ప ముఖానికీ ఓ రోజు వచ్చింది. ఏడో ఏడు నడుస్తుండగా దవడ కింద చర్మం మెత్తబడింది. ఎనిమిదో ఏటికి బుగ్గలు రెండూ నోటి పక్కకి దిగి, తడి సంచుల్లా వేలాడాయి. నిజానికి ఇందులో వింతేం లేదు. ఎంత లాగి కుట్టినా చర్మానికి వయసు ఆగదు. లోకంలో ఏ డాక్టరు లాగినా అంతే, కాస్త ముందూ వెనకా. ఆ సంగతి యోమ్‌కి తెలుసు, హ్యేరాన్‌కి తెలుసు. తెలియనిదల్లా సోఫా మీద కూర్చున్నవాళ్ళకే.

అప్పట్నుంచి హ్యేరాన్ కిటికీ తెర తియ్యడం మానేసింది. బల్ల మీద పసుప్పచ్చ దీపం పెట్టించింది. మండుటెండల్లో కూడా గడ్డందాకా మెడపట్టీ ఉన్న చొక్కాలు తొడిగేది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని, చెవుల వెనక సన్నటి అంటుపట్టీలు అతికించి, వాటి రబ్బరుదారాల్ని జుట్టులోంచి నడినెత్తికి లాగి కట్టుకునేది. సాయంత్రానికి తల పగిలిపోయేది. ఆ తలనొప్పితోనే, పదేళ్ళు కావస్తున్నా చెక్కుచెదరలేదని చిరునవ్వుతో చెప్పేది. సిగ్గెందుకు? సిగ్గుపడితే ముఖం ఎర్రబడుతుంది, పట్టీలు ఊడతాయి.

ఒక మధ్యాహ్నం యోమ్ ఆమెని తన గదికి పిలిచాడు.

"మేనేజరు గారూ, వచ్చే చలికాలానికి మన ఆసుపత్రి పెట్టి పదేళ్ళు. మీరే నా మొదటి పేషెంటు. మెట్రో స్టేషన్లలో పెద్ద ప్రకటన వేద్దామనుకుంటున్నాను. మూడు ఫొటోలు. ముందు, ఆర్నెల్ల తర్వాత, పదేళ్ళ తర్వాత."

హ్యేరాన్ చెయ్యి మెడపట్టీ మీదికి పోయింది. "డాక్టరు గారూ, మూడోది... నా మొహం..."

"జారింది. నాకు కనపడదనుకున్నారా? ఆ అంటుపట్టీలు కూడా కనపడుతున్నాయి." యోమ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "నేను కట్టిన గోడ ఎప్పుడు బీటలేస్తుందో నాకు తెలీదా? మళ్ళీ లాగుదాం. ఫొటో ఆ తర్వాత తీద్దాం."

"అది పదేళ్ళ మొహం ఎలా అవుతుందండీ? కొత్త మొహం కదా?"

"మనిషి మీరే కదా? పదేళ్ళ తర్వాతే కదా తీస్తున్నాం? ఇందులో అబద్ధం ఎక్కడుంది, మీరే చూపించండి."

యోమ్ అద్దాల తలుపులోంచి బయటికి చూశాడు. బయట దోయన్ అనే పిల్ల, కొత్తగా చేరిన చిన్న మేనేజరు, ఎవరో మేడమ్ చేతులు పట్టుకుని కిలకిలా నవ్వుతోంది. ముప్ఫై దాటి రెండేళ్ళు కాలేదు. దాని చెంపల మీద ఈగ వాలినా జారుతుంది.

"దోయన్ చురుకైన పిల్ల" అన్నాడు యోమ్.

అంతకంటే చెప్పక్కర్లేదు. ఒంటరి మనిషి, అరవయ్యేళ్ళకి దగ్గరపడింది, పట్టీలు పీకేస్తే దిగజారిన ముఖం. ఇంకెక్కడ ఉద్యోగమిస్తారు? హ్యేరాన్ ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే, అబద్ధం ఆడమన్నందుకు ఆమె బాధపడలేదు. గోడ అన్నందుకు మాత్రం నాలుగు రోజులు లోపల్లోపల కుతకుతలాడింది.

ఇప్పుడు ఓక్‌జు గురించి చెప్పాలి. మేంగ్ ఓక్‌జు అంటే మాంగ్‌వన్ బజార్లో కూరలూ పచ్చళ్ళూ వండి అమ్మే కొట్టు ఆవిడ. సోయాలో ఉడికించిన తామరదుంపలు, నువ్వాకు పచ్చడి, ఎండు చేపల వేపుడు అక్కడ పళ్ళేల్లో పోసి ఉంటాయి. హ్యేరాన్ కంటే రెండేళ్ళు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. మొగుడు పోయాక కొడుకుని ఒంటి చేత్తో పెంచింది. హ్యేరాన్‌కి లోకంలో అసహ్యం వెయ్యని మనిషంటూ ఉంటే ఈవిడొక్కతే. ఇద్దరూ ప్రతి ఆదివారం పొద్దున్నే బజారు వెనకున్న వేన్నీళ్ళ స్నానశాలకి వెళ్ళేవారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవారు. వీపు తన చేతికి తనకి అందదు గనక, అక్కడి ఆడవాళ్ళకి స్నేహమంటే ముందు అదే. ఎవరి వీపు ఎవరు రుద్దుతారో చూస్తే ఎవరికెవరు దగ్గరో పేటకంతా తెలిసిపోతుంది.

మొదటి ఆపరేషనయిన ఏడాదికి ఓక్‌జు, హ్యేరాన్ చెవి వెనక గోటితో గీకుతూ, "అక్కా, దారం అతుక్కుంది, ఉండు తీస్తాను" అంది. అది దారం కాదు, మానిన కుట్టు. తెల్లగా, సన్నగా ఉంది. సంగతి తెలిశాక ఓక్‌జు పడీపడీ నవ్వింది. అప్పట్నుంచీ వీపు రుద్దినప్పుడల్లా, "దారం ఉందా ఊడిందా చూడనీ" అని చెవి పక్కకి వంచి చూసేది. ఏళ్ళ తరబడి చూసింది. ఆ గీత ఆమెకి తన అరచేతి గీతలంత బాగా తెలుసు.

ఈసారి ఆపరేషనప్పుడు హ్యేరాన్ ఆమెతో, జేజు దీవికి వెళ్తున్నాను, పిన్ని కూతురి కమలాతోటలో కొన్నాళ్ళుండి వస్తాను అని చెప్పింది. చెప్పి తన ఫ్లాట్‌లోనే తలుపులేసుకుని పడుకుంది. ముఖం గుమ్మడికాయంతయింది. దానికి మందు గుమ్మడికాయ రసమేనట, పొట్లాలు పొట్లాలు తాగింది. మధ్యలో ఓక్‌జు ఫోను.

"ఏం అక్కా, గొంతేంటలా ఉంది?"

"గాలి ఎక్కువే ఇక్కడ."

"కమలాలు తీపెక్కాయా?"

"ఆ, బాగా."

"నాకు తేకపోతే నీ వీపు ఇంక రుద్దను, చెప్తున్నా."

తప్పుతుందా? వాపు తగ్గాక హ్యేరాన్ ఓ సూపర్‌మార్కెట్లో కమలాపళ్ళ పెట్టె కొని, దాని మీది అంటుకాగితం వేన్నీళ్ళతో తడిపి గోకి గోకి పీకి, ఓక్‌జుకి పట్టుకెళ్ళి ఇచ్చింది. ఓక్‌జు కొట్లో నిలబడే రెండు ఒలుచుకు తిని, "తోటలోది తోటలోదే, ఇక్కడివి పిప్పి" అని పక్క చేపలకొట్టు ఆవిడకి కూడా రెండు పెట్టింది. హ్యేరాన్ ముఖం చూసి మురిసిపోయింది. "ఎంత తేరుకున్నావక్కా! మొహం కళకళలాడిపోతోంది!" స్నానానికి రమ్మంటే మాత్రం హ్యేరాన్, భుజం పట్టేసింది, డాక్టరు వద్దన్నాడు అని ఆదివారం తర్వాత ఆదివారం తప్పించుకుంది.

ప్రకటన వచ్చింది. స్టేషను గోడల మీద మనిషెత్తున మూడు ముఖాలు. మూడో దాని కింద, 'పదేళ్ళ తర్వాత. అదే ముఖం.' హాప్‌జంగ్ స్టేషన్లో దాని కింద నిలబడి ఓక్‌జు దారినపోయే వాళ్ళందరికీ, "మా అక్క! అబద్ధం కాదు, ప్రతివారం చూస్తుంటాను!" అని చెప్పిందట. ఆ సంగతి ఆవిడే వచ్చి సోఫా మీద కూర్చుని చెప్పింది. అవును, అదే గులాబీరంగు సోఫా మీద. పండగల చొక్కా వేసుకుని, చేతులకి వెల్లుల్లి వాసన పోయేదాకా సబ్బు రుద్దుకుని మరీ వచ్చింది.

"నువ్విక్కడేంటే?" అంది హ్యేరాన్.

"మావాడికి సంబంధం కుదిరిందక్కా. వచ్చే నెలాఖరున రెండువైపులవాళ్ళం కూర్చుని భోంచెయ్యాలి. పెద్ద హోటల్లో, గది తీసుకుని." ఓక్‌జు సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "వియ్యపురాలి ఫొటో చూపించాడు వెధవ. ఎవర్రా ఈ అమ్మాయి, పెళ్ళికూతురి అక్కా అన్నాను. కాదట, తల్లట. నలభై తొమ్మిదేళ్ళట, నిన్న పుట్టినట్టుంది. పక్కన నేను కూర్చుంటే మావాడి నాయనమ్మగారొచ్చారా అంటారు."

"అంటే అననీ. పెళ్ళి నీకా వాడికా?"

"వాడు ఏమీ అనడక్కా. ఆ ఫొటో చూపించాక నా మొహం కేసి చూసి గభాలున తల తిప్పుకున్నాడు. చాలదూ? పుట్టాక ఎన్నడూ వాడు నన్ను చూసి తల తిప్పుకోలేదు."

పక్క బల్ల దగ్గర దోయన్ ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుంది గానీ, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"నీకెందుకే ఇవన్నీ? బానే ఉన్నావు. జుట్టుకి రంగేసుకో, మంచి చొక్కా కొనుక్కో, చాలు."

ఓక్‌జు ముఖం చిన్నబోయింది. "నీకైతే కావాలి, నాకైతే చొక్కా చాలా? పచ్చళ్ళమ్ముకునేదానికి ఎందుకులే అనా?"

"అబ్బ, అది కాదే..."

"డబ్బు దాచుకున్నాలే, నిన్నేం అడగను. ఒక్కటి చెప్పు. పోయినేడాది నీ బుగ్గలు దిగాయి కదక్కా. స్నానం దగ్గర చూశాను. ఏమనుకుంటావోనని ఊరుకున్నా. ఇప్పుడు చూస్తే మళ్ళీ బిగుసుకున్నాయి. ఎలా?"

దోయన్ పెన్ను ఆగింది. హ్యేరాన్‌కి ఆ ఆగడం వినపడింది. లోపలి గదిలో యోమ్ ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. చెప్పొచ్చు. 'సాయంత్రం కొట్టుకొస్తాను, అక్కడ మాట్లాడుకుందాం' అని ఒక్క ముక్క అనొచ్చు. నోరు పెగల్లేదా అంటే, పెగిలింది. అదే వచ్చిన చిక్కు. ఇరవయ్యేళ్ళ స్నేహం ఎదురుగా కూర్చున్నా, ఆ నోటికి అలవాటైన పాటే వచ్చింది.

"అలసటే అదంతా. జేజులో నిద్రపోయాను కదా, ఎక్కడిదక్కడ సర్దుకుంది. డాక్టరు గారు లోపల వేసిన కుట్టు కదలదు. పైచర్మం అలిసిపోతే కొంచెం దిగుతుంది, విశ్రాంతిస్తే లేస్తుంది. అంతే."

ఛీ. ఎన్నెన్ని అబద్ధాలు విన్న సోఫా అది, దానికి కూడా ఇది కొత్తే అయ్యుంటుంది. మనిషి ముఖమేమైనా పరుపా, ఎండలో వేస్తే పొంగడానికి? కానీ ఓక్‌జు కళ్ళు మెరిశాయి. నమ్మింది. ఎందుకు నమ్మదు? కమలాలు కూడా తిన్నదాయె.

"అయితే ఎన్నాళ్ళుంటుందక్కా?"

"పదేళ్ళు" అంది హ్యేరాన్.

యోమ్ వచ్చి, బుగ్గల మీద గీతలు గీసి, "మా మేనేజరు గారి స్నేహితులా? అయితే స్పెషల్‌గా చూస్తాం" అని పళ్ళికిలించి వెళ్ళాడు. సోమవారం పొద్దున ఆపరేషను. ఆపరేషనయ్యాక ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో హ్యేరాన్ అప్పజెప్పింది. ఎత్తు దిండు వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, నెలన్నర దాకా వేన్నీళ్ళ స్నానశాల ఛాయలకి వెళ్ళకూడదు.

ఆ చివరి మాటే కొంప ముంచింది. ఆదివారం పొద్దున్నే ఓక్‌జు బుట్టలో సబ్బూ, తువ్వాళ్ళూ, ఆకుపచ్చ గరుకుగుడ్డలూ పెట్టుకుని హ్యేరాన్ తలుపు కొట్టింది.

"నడు. రేపట్నుంచి నెలన్నర నాకు స్నానం లేదన్నావుగా. ఇవ్వాళే మట్టంతా రాల్చుకోవాలి. ఆపరేషను బల్ల మీద మట్టితో పడుకుంటే మీ డాక్టరేమనుకుంటాడు?"

"నా భుజం..."

"నీ భుజానికేం, రుద్దేది నేను. ఈసారి తప్పించుకున్నావో, నేనే రేపు రాను, చూస్కో. భయంగా ఉందక్కా నాకు. తోడు రా."

ఆ తోడు రా అనే మాటకి హ్యేరాన్ లేచింది. కాస్త మంచితనం మిగిలుందన్నమాట. దాంతోనే చిక్కులో పడింది. జుట్టు భుజాల మీదికి వదులుకుంటే చెవులు కనపడవులే అనుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ స్నానశాలకి పోతున్న మనిషి, అక్కడ జుట్టు విరబోసుకుని నీళ్ళలో దిగితే ఏమవుతుందో మర్చిపోవడం విడ్డూరమే.

వేన్నీళ్ళ తొట్టిలో కాలు పెట్టిందో లేదో, మూలనుంచి గర్జన వినపడింది. అక్కడ అందరూ పులవ్వ అని పిలిచే ముసలావిడ, మెడదాకా నీళ్ళలో మునిగి, ఎర్రగా ఉడికి కూర్చుని ఉంది.

"ఏయ్! జుట్టు కట్టు! నీ వెంట్రుకలు మేం తాగాలా? పెద్ద పెద్ద గోడల మీద ఫొటోలేయించుకుంటే సరా, ఇంగితం ఉండక్కర్లా?"

తొట్టిలో ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. హ్యేరాన్ బిత్తరపోయి జుట్టు చుట్టి, తువ్వాలుని నుదుటి మీంచి చెవుల కిందదాకా బిగించి కట్టుకుంది.

"ఏంటక్కా, బాలింతలా చెవులు మూసుకున్నావు?" అంది ఓక్‌జు.

"చెవిలోకి నీళ్ళు పోతున్నాయి."

"పోతే పోనీ, తల్లోకి కాస్త తడి తగులుతుంది."

నవ్వుకుంటూ ఇద్దరూ కుళాయిల దగ్గర చిన్న ప్లాస్టిక్ పీటల మీద కూర్చున్నారు. ఎప్పట్లాగే ముందు హ్యేరాన్ వీపు. ఓక్‌జు గరుకుగుడ్డ చేతికి తొడుక్కుని ఎడమ భుజం నుంచి మొదలుపెట్టింది. పచ్చళ్ళు కలిపే చెయ్యది, బలమైనది. మట్టి నల్లటి పోగులుగా రాలుతోంది.

"అమ్మో, ఎన్నాళ్ళ మట్టక్కా ఇది! జేజులో స్నానాల్లేవా?" రుద్దుతూ మాట్లాడుతూనే ఉంది. హోటల్లో ఏం కట్టుకోవాలో, వియ్యపురాలికి ఏం పచ్చడి పట్టుకెళ్ళాలో, ఆవిడ గోల్ఫాడుతుందట, తనేమో బంతి మొహం చూడలేదు, ఏం మాట్లాడాలో. "రాళ్ళుప్పు గురించి మాట్లాడితే తప్పా అక్కా? నాకు తెలిసిందదే." ఎడమవైపంతా నడుందాకా ఎర్రగా రుద్ది, నీళ్ళు పోసింది. హాయిగా ఉంది. హ్యేరాన్ కళ్ళు మూసుకుంది. ఏళ్ళ తరబడి ఇదొక్కటే సుఖం, ఎందుకు మానేశానా అనుకుంది. ఓక్‌జు చెయ్యి మెడ మీదికొచ్చింది. మెడ వెనక రుద్దడానికి తువ్వాలు అడ్డొచ్చింది. అలవాటు కొద్దీ, "దారం ఉందా ఊడిందా చూడనీ" అని తువ్వాలు పైకి తోసేసింది.

చెయ్యి ఆగిపోయింది.

తెల్లదారం లేదక్కడ. దాని చోట, చెవి ముందు నుంచి వెనక్కి తిరిగి జుట్టులోకి, గులాబీరంగులో ఉబ్బెత్తుగా కొత్త గీత ఉంది. చుట్టూ కుట్ల చుక్కలు కూడా ఇంకా మాయలేదు. ఓక్‌జు వేలు దాని మీదికి వచ్చి, కాలినట్టు వెనక్కి పోయింది. చుట్టూ చెంబుల చప్పుడు, పిల్లల కేకలు, ఎవరో ఎవర్నో నీళ్ళు వృథా చెయ్యద్దని తిట్టడం.

"అక్కా" అంది ఓక్‌జు చివరికి. కోపంగా కాదు, మామూలుగానే అంది. "ఎన్నాళ్ళుంటుంది?"

హ్యేరాన్ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఓక్‌జు ముఖం చూడాలి. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఒంటి మీద నూలుపోగు లేదు, దోయన్ లేదు, యోమ్ లేడు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు, కుట్టుతో సహా బయటపడింది.

"పదేళ్ళు" అంది.

"మళ్ళీ చెప్పక్కా."

"పదేళ్ళే! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

ఓక్‌జు గరుకుగుడ్డ చేతినుంచి తీసి, నీళ్ళలో జాడించి, పిండింది. తీరిగ్గా, మడతలు పోయేలా దులిపి కుళాయి మీద ఆరేసింది.

"కమలాలు ఎక్కడ కొన్నావు?"

హ్యేరాన్ చెంబు తీసి కుళాయి కింద పెట్టింది.

"చేపలకొట్టు ఆవిడకి కూడా పెట్టాను. తోటలోవని చెప్పి పెట్టాను." ఓక్‌జు పీట కాస్త వెనక్కి జరుపుకుంది. "ఆరేళ్ళని చెప్పినా చేయించుకునేదాన్ని అక్కా. ఏడాదే అన్నా చేయించుకునేదాన్ని. నాకు కావల్సింది ఒక్క పూట భోజనం. ఆ కాసేపూ మావాడు తల తిప్పుకోకుండా ఉంటే చాలు. మర్నాడు మొహం ఊడి అన్నంలో పడినా నాకేం ఫర్లేదు. పదేళ్ళు ఎవరడిగారు నిన్ను?"

"ఓక్‌జూ, నా ఉద్యోగమే... ఇలా తిరుగు, నీ వీపు రుద్దుతాను. కూర్చో, చెప్తాను."

"వద్దులే."

ఆవిడ పీట పట్టుకుని లేచింది. తడినేల మీద జాగ్రత్తగా నడుచుకుంటూ తొట్టి దగ్గరికెళ్ళి, అందరికీ వినపడేలా అడిగింది. "పులవ్వా, నీ వీపు రుద్దేదా? నువ్వు నాది రుద్దుదువు గాని."

పులవ్వ ఓక్‌జు వైపు చూసింది. అక్కణ్ణుంచి హ్యేరాన్ వైపు, సగం ఎర్రగా సగం మట్టిగా ఉన్న వీపు వైపు, నెత్తి మీదికి ఎగదోసిన తువ్వాలు వైపు చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ విప్పిచెప్పక్కర్లేదు. "రా తల్లీ, ఇలా కూర్చో" అని జరిగి చోటిచ్చింది. తొట్టిలో నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆ పక్కావిడ హ్యేరాన్ చెవుల కేసి చూసింది.

హ్యేరాన్ కుళాయి మీది గుడ్డ తీసుకుంది. కుడి చెయ్యి వెనక్కి పెట్టింది, అందలేదు. భుజం మీంచి ప్రయత్నించింది, మెడ కింద రెండు వేళ్ళ మేర తగిలింది. పక్క పీట మీదావిడని అడుగుదామని తల తిప్పితే, ఆవిడ చెంబు తీసుకుని దూరం జరిగింది. డబ్బులు తీసుకుని రుద్దే ఆవిడ బల్ల దగ్గర నలుగురు వరసలో ఉన్నారు. నలుగురూ ఇటే చూస్తున్నారు. హ్యేరాన్ నీళ్ళు గుమ్మరించుకుని, ఒళ్ళు తుడుచుకోకుండానే బట్టలేసుకుని బయటపడింది.

సోమవారం పొద్దున ఓక్‌జు రాలేదు. యోమ్ గడియారం చూసి చిర్రుబుర్రులాడాడు. "మీ స్నేహితురాల్నే నిలబెట్టుకోలేకపోయారు మేనేజరు గారూ." దోయన్ ఆపరేషను గదిలో దీపాలు ఆర్పి వచ్చి, ఏమీ ఎరగనట్టు, "అయ్యో, వంట్లో బాలేదేమో పాపం" అంది.

ఆ తర్వాత ఎవరో కొత్తావిడ వచ్చి గులాబీరంగు సోఫా మీద కూర్చుంది. నొప్పెడుతుందా అంది, మచ్చలు కనిపిస్తాయా అంది. హ్యేరాన్ లేచి, ఇప్పుడు ఏ భయమూ లేదు గనక, కిటికీ తెర బాహాటంగా లాగింది. ఎండ ముఖం మీద పడింది. నున్నగా, బిగుతుగా, గోడ మీది ఫొటోలో ఉన్నట్టే ఉంది ముఖం. చొక్కా కింద, రుద్దకుండా మిగిలిపోయిన కుడివైపు వీపు మాత్రం దురద పెట్టేస్తోంది. నిన్నట్నుంచీ అంతే, నిద్ర కూడా పట్టలేదు.

"ఎన్నాళ్ళుంటుందండీ?" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"పదేళ్ళు మేడమ్" అంటూ హ్యేరాన్ కిటికీ చట్రానికి వీపు ఆనించి, ఆవిడకి కనపడకుండా మెల్లగా రుద్దుకుంది.